ఆకు మీద ఒకటి, మానులో ఒకటి: సాల అడవిలో సీతాకోకచిలుక, పెంకు పురుగు

జూన్ చివరి వారం. మధ్యప్రదేశ్‌లోని మాండ్లా, బాలాఘాట్ జిల్లాల సాల అడవుల్లో తొలకరి పడింది. తడిసిన ఒక సాల చెట్టు మానుకు వేలు పట్టేంత రంధ్రం ఉంది. అందులోంచి ముందు రెండు పొడవాటి మీసాలు, ఆ తర్వాత ముదురు గోధుమ రంగు పెంకు పురుగు మెల్లగా బయటికి వస్తాయి. దాదాపు ఏడాది పాటు చెట్టు లోపలే బతికిన ఆ పురుగు వెలుతురు చూడటం ఇదే మొదటిసారి.

అదే అడవిలో కొద్ది దూరంలో ఒక మద్ది చెట్టు ఉంది. వాన వెలిసి ఎండ పొడ పడగానే ఆకు మీద వాలిన ఒక చిన్న సీతాకోకచిలుక రెక్కలు విప్పుతుంది. నీలం, ఊదా కలిసిన మెరుపు ఒక్క క్షణం కనిపిస్తుంది. రెక్కలు మూయగానే అది ఎండుటాకులా మారి కనుమరుగవుతుంది.

ఈ రెండింటిలో ఏది అడవికి మేలు చేస్తుందని అడిగితే ఎక్కువమంది సీతాకోకచిలుక పేరే చెబుతారు. పెంకు పురుగును చెట్లను చంపే తెగులుగానే చూస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మన దేశంలో అడవి చెట్లకు అత్యంత నష్టం కలిగించిన కీటకాల్లో ఇది ఒకటి. అయితే ఈ రెండు జీవుల బతుకులను పక్కపక్కన పెట్టి చూస్తే మేలు, కీడు అన్న లెక్క అంత సులువుగా తేలదు. ఏ చెట్టు ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది.

రెండు కీటకాల పరిచయం

పెంకు పురుగు పేరు సాల్ బోరర్, అంటే సాల చెట్టును తొలిచేది. శాస్త్రీయ నామం హోప్లోసెరాంబిక్స్ స్పైనికార్నిస్. పొడవాటి మీసాల వల్ల లాంగ్‌హార్న్ బీటిల్స్ అని పిలిచే సెరాంబిసిడే కుటుంబానికి చెందినది. శరీరం పొడవు సుమారు 2 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒకే జాతిలో ఇంత తేడా ఉండటానికి కారణం లార్వా దశలో దొరికిన తిండి. మగ పురుగు మీసాలు దాని ఒంటికన్నా పొడవుగా ఉంటాయి. ఆడదానికి పొట్టిగా ఉంటాయి. మీసాల కణుపుల మీద చిన్న ముళ్లు కనిపిస్తాయి. జాతి పేరులోని స్పైనికార్నిస్ అన్న మాటకు ముళ్ల కొమ్ములు కలది అని అర్థం.

సీతాకోకచిలుక పేరు లార్జ్ ఓక్‌బ్లూ, శాస్త్రీయ నామం అర్హోపాలా అమాంటెస్. నీలి సీతాకోకచిలుకల కుటుంబమైన లైకెనిడేలో ఇదొకటి. రెక్కలు చాపితే ఒక కొస నుంచి మరో కొసకు 5 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఆ కుటుంబంలో చాలా జాతులు దీనిలో సగం కూడా ఉండవు. పేరులో ఓక్ చెట్టు ఉన్నా మన మైదానాల్లో, కొండ అడవుల్లో దీని గొంగళి పురుగులు మద్ది జాతి చెట్ల ఆకులు తిని పెరుగుతాయి. ఊళ్లలో నీడ కోసం పెంచే నాటు బాదం చెట్టు కూడా మద్దికి దగ్గరి చుట్టమే. అందుకే ఈ సీతాకోకచిలుక అడవి దాటి ఊళ్లలోకీ వస్తుంది.

ఈ రెండూ రెండు పెద్ద వంశాలకు ప్రతినిధులు. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు సుమారు 4 లక్షలు. జంతువుల్లో మరే వర్గానికీ ఇంత సంఖ్య లేదు. సీతాకోకచిలుకలు సుమారు 18 వేల జాతులు ఉన్నాయి. వాటిలో 1,300కు పైగా మన దేశంలో కనిపిస్తాయి. సంఖ్యలో పెంకు పురుగులది పైచేయి. జనం గుర్తుపట్టి పేరుతో పిలిచేది మాత్రం సీతాకోకచిలుకలనే.

నాలుగు దశలు ఇద్దరికీ ఒకటే

బయటికి ఎంత వేరుగా కనిపించినా ఈ రెండు కీటకాల ఎదుగుదలకు పునాది ఒకటే. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ కీటకం అనే నాలుగు దశల సంపూర్ణ రూపవిక్రియ రెండింటిలోనూ ఉంది. ఈ పద్ధతిలో పెద్ద సౌలభ్యం ఉంది. లార్వా పని తిని పెరగడం. ప్రౌఢ కీటకం పని జత వెతుక్కోవడం, గుడ్లు పెట్టడం. పిల్లలూ పెద్దలూ ఒకే తిండి కోసం పోటీ పడనవసరం లేదు. ఒకే ప్రాణి రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు శరీరాలతో బతకగలుగుతుంది.

తేడాలు లార్వా దశలోనే మొదలవుతాయి. ఓక్‌బ్లూ గొంగళి పురుగుకు రొమ్ము భాగంలో మూడు జతల అసలు కాళ్లతో పాటు పొట్ట కింద మెత్తటి కండ పాదాలు కూడా ఉంటాయి. వాటితో ఆకును గట్టిగా పట్టుకుంటుంది. సాల్ బోరర్ లార్వా సొరంగంలో బతుకుతుంది కాబట్టి దానికి నడక అవసరం చాలా తక్కువ. దాని కాళ్లు పేరుకు మాత్రమే ఉన్నట్టుంటాయి. ఒంటిని ఉబ్బించి, గోడలకు ఆనించి ముందుకు జరుగుతుంది. తల చిన్నది, దవడలు మాత్రం ఉలిలా గట్టివి.

ప్యూపా దశలోనూ తేడా స్పష్టం. సీతాకోకచిలుక ప్యూపాలో కాళ్లు, మీసాలు, రెక్కలు శరీరానికి అతుక్కుని ఒకే డొప్పలా ఉంటాయి. పెంకు పురుగు ప్యూపాలో అవి విడివిడిగా, మడిచి పెట్టినట్టు కనిపిస్తాయి. తెల్లటి మైనంతో చేసిన పురుగు బొమ్మలా ఉంటుంది.

కాలం లెక్క కూడా వేరు. ఓక్‌బ్లూ గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా కొన్ని వారాల్లో ఎదుగుతుంది. ఏడాదిలో పలు తరాలు వస్తాయి. సాల్ బోరర్‌కు ఏడాదికి ఒకే తరం. ఈ తేడాకు తిండే ముఖ్య కారణం. లేత ఆకులో నత్రజని, నీరు ఎక్కువ. కర్రలో ఉండేది ఎక్కువగా సెల్యులోజ్, లిగ్నిన్. ఒంటికి కావలసిన ప్రొటీన్లకు అవసరమైన నత్రజని అందులో చాలా తక్కువ. అందుకే కర్ర తినే లార్వా ఎంతో తింటేగాని కొంచెం పెరగదు. పేగుల్లోని ఎంజైములు, సూక్ష్మజీవులు తోడ్పడినా అరుగుదల నెమ్మదే.

రెక్కలకు రెండు దారులు

ప్రౌఢ కీటకాలను చూడగానే తెలిసే తేడా రెక్కల్లో ఉంది. రెండింటికీ నాలుగేసి రెక్కలు ఉంటాయి. సీతాకోకచిలుకలో నాలుగూ ఎగరడానికే. వాటి మీద ఇంటి కప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వేల సంఖ్యలో పొలుసులు ఉంటాయి. రెక్కను ముట్టుకుంటే వేలికి అంటే పొడి ఆ పొలుసులే. ఓక్‌బ్లూ నీలానికి ఆ పొలుసుల లోపలి నిర్మాణమే మూలం. కైటిన్ పొరలు, వాటి మధ్య గాలి ఖాళీలు అతి సూక్ష్మంగా అమరి ఉండటం వల్ల నీలి కాంతి బలంగా వెనక్కి తిరిగి వస్తుంది. అందుకే చూసే కోణం మారితే మెరుపు కూడా మారుతుంది. రెక్కల అడుగు భాగం మాత్రం గోధుమ రంగు మచ్చలతో ఉంటుంది. తెరిస్తే నీలం, మూస్తే ఎండుటాకు. జతకు కనిపించడానికి ఒక వైపు, పిట్టల కంట పడకుండా ఉండటానికి మరో వైపు.

పెంకు పురుగులో ముందు రెక్కల జత గట్టిపడి డొప్పలుగా మారింది. తెలుగులో ఈ వర్గానికి పెంకు పురుగులన్న పేరు వచ్చింది దాన్నుంచే. ఎగిరే పని వెనక రెక్కలది. ఎగరనప్పుడు అవి మడతపడి డొప్పల కింద భద్రంగా ఉంటాయి. సీతాకోకచిలుక బెరడు పగుళ్లలోకి దూరితే రెక్కలు చిరిగిపోతాయి. పెంకు పురుగుకు ఆ భయం లేదు. బెరడు సందులు, దుంగల అడుగు, మట్టి పొరలు అన్నీ దానికి ఇళ్లే. పెంకు పురుగుల జాతులు ఇంతగా పెరగడానికి ఈ డొప్పలు ఒక ముఖ్య కారణమని కీటక శాస్త్రజ్ఞులు భావిస్తారు.

ఆకు మీద బతుకు: చీమల కాపలా

అడవిలో మెత్తటి లార్వాగా బతకడం కష్టం. పిట్టలు, సాలెపురుగులు, లార్వా ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న పరాన్నజీవి కందిరీగలు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. ఈ సమస్యకు రెండు కీటకాలూ రెండు వేర్వేరు పరిష్కారాలు కనుక్కున్నాయి.

ఓక్‌బ్లూ గొంగళి పురుగు కాపలాదారులను పెట్టుకుంది. చెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలే ఆ కాపలాదారులు. వాటి శాస్త్రీయ నామం ఇకోఫిల్లా స్మరగ్డినా. చెట్టు ఎక్కిన మనిషిని కూడా వదలకుండా కుట్టే ఈ చీమలు గొంగళి పురుగు చుట్టూ తిరుగుతూ ఉంటాయి కాని దాన్ని తినవు. గొంగళి పురుగు పొట్ట భాగంలోని ఏడో ఖండం పైన తేనె గ్రంథి ఉంటుంది. చీమ మీసాలతో తడితే అందులోంచి తియ్యటి చుక్క వస్తుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఉన్న ఆ ద్రవాన్ని చీమ తాగుతుంది. ఎనిమిదో ఖండం మీద ఒక జత చిన్న స్పర్శకాలు ఉంటాయి. గొంగళి పురుగు వాటిని బయటికి చాపి లోపలికి లాక్కుంటూ ఉంటుంది. అవి చీమలను అప్రమత్తం చేస్తాయి. చీమ ఎప్పుడైనా కరిచినా తట్టుకునేలా ఈ కుటుంబంలో చాలా గొంగళి పురుగుల చర్మం మందంగా ఉంటుంది.

చాలాకాలం దీన్ని కూలికి కాపలా వంటి నిజాయితీ గల ఒప్పందంగా చెప్పుకున్నారు. 2015లో జపాన్‌లో ఓక్‌బ్లూకు దగ్గరి బంధువైన ఒక జాతి మీద జరిగిన పరిశోధన ఇందులో మరో కోణం చూపింది. దాని తేనె తాగిన చీమల మెదడులో డోపమైన్ తగ్గింది. అవి తిరగడం తగ్గించి గొంగళి పురుగును అంటిపెట్టుకునే ఉన్నాయి. అంటే ఆ తియ్యటి చుక్క కూలి మాత్రమే కాదు, కాపలాదారును కదలనివ్వని మందు కూడా. అందంగా కనిపించే నీలి రెక్కల వెనుక ఇంత తెలివైన ఏర్పాటు ఉంది.

ఈ చీమలతో అడవి మనుషులకూ సంబంధం ఉంది. బస్తర్ నుంచి మయూర్‌భంజ్ దాకా ఆదివాసులు ఈ ఎర్రచీమలతో పచ్చడి చేసుకుంటారు. ఒడిశాలోని సిమిలీపాల్ కాయి చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ చీమల గూళ్లకు ఆకులు నిండిన చెట్లు కావాలి. అవి ఉంటేనే ఓక్‌బ్లూ గొంగళి పురుగులకు కాపలా దొరుకుతుంది. సీతాకోకచిలుక ఒక్కటే ఎక్కడా బతకదు. దాని వెనుక చెట్టు, చీమ ఉంటాయి.

ప్రౌఢ ఓక్‌బ్లూల గురించి ఒక మాట. సీతాకోకచిలుక అనగానే పూల మీద వాలే జీవి మనసులో మెదులుతుంది. ఓక్‌బ్లూలు పూల మీద కనిపించడం తక్కువ. ఎక్కువ కాలం చెట్ల కొమ్మల్లోనే గడుపుతాయి. పరాగ సంపర్కం చేయడమే సీతాకోకచిలుక విలువ అనుకుంటే ఈ జీవి ఆ లెక్కలో పెద్దగా రాదు.

మానులో బతుకు: గుగ్గిలంతో పోరు

సాల్ బోరర్ కాపలాదారులను వెతుక్కోలేదు. చెట్టునే కోటగా చేసుకుంది. కాని ఆ కోటలోకి దూరడమే దానికి అసలు గండం.

వానలు మొదలయ్యాక బయటికి వచ్చిన ఆడ పురుగు జత కలిసి, సాల చెట్టు బెరడు మీది గాట్లలో, పగుళ్లలో గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడది వందకు పైగా గుడ్లు పెట్టగలదు. కొద్ది రోజుల్లో గుడ్లు పగిలి చిన్న లార్వాలు బెరడు కిందికి తొలుచుకుంటూ పోతాయి. అక్కడే చెట్టు ఎదురుదాడికి దిగుతుంది. సాల చెట్టును తెలుగులో గుగ్గిలం చెట్టు అని కూడా అంటారు. ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు గాయం నుంచి కారే స్రావమే. మనకు సువాసనగా తెలిసిన ఆ పదార్థం చెట్టుకు ఆయుధం. ఆరోగ్యంగా ఉన్న చెట్టు గాయమైన చోటికి గుగ్గిలాన్ని ధారగా పంపి, లోపలికి వస్తున్న లార్వాను ముంచి చంపుతుంది. బలమైన చెట్టు మీద పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన లార్వాల్లో చాలా మటుకు ఇలాగే చనిపోతాయి.

చెట్టు ముసలిదైనా, కరవుతో నీరసించినా, గాలికి పడిపోయినా గుగ్గిలం ధార బలహీనపడుతుంది. అప్పుడు లార్వాలు బతికి బయటపడతాయి. బెరడు కింద పోషకాలు ప్రవహించే కణజాలాన్ని, ఆ తర్వాత రసదారువును తింటాయి. పిండిపదార్థం, చక్కెరలు ఎక్కువగా ఉండేది అక్కడే. లార్వాలు తొలిచిన సొరంగాలు మాను చుట్టూ కలిసిపోతే ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు చేరదు. చెట్టు పైనుంచి ఎండటం మొదలవుతుంది. తొలిచిన పొట్టును లార్వాలు బయటికి తోస్తాయి. చెట్టు మొదట్లో రంపపు పొట్టు కుప్పలా పడి ఉంటే లోపల బోరర్ ఉందని అటవీ సిబ్బంది గుర్తుపడతారు.

పూర్తిగా ఎదిగిన లార్వా పెద్దవాళ్ల చూపుడు వేలంత ఉంటుంది. అది ఇంకా లోపలికి, చేవలోకి గది తవ్వుకుంటుంది. గది నోటికి సున్నం లాంటి గట్టి మూత పెట్టుకుని లోపల ప్యూపాగా మారుతుంది. ఎండాకాలం ముగిసేలోపే లోపల ప్రౌఢ పురుగు తయారవుతుంది. కాని వెంటనే బయటికి రాదు. వాన కోసం ఎదురుచూస్తుంది. గట్టి వానలు పడ్డాక అడవి అంతటా పురుగులు దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి. జత దొరకడానికి, తడి బెరడు మీద గుడ్లు పెట్టడానికి అదే అనువైన కాలం.

పురుగు ఎప్పుడు తెగులవుతుంది?

మామూలు సంవత్సరాల్లో సాల్ బోరర్ అడవిలో ఒక పారిశుద్ధ్య పని చేస్తుంది. పడిపోయిన, చావుకు దగ్గరైన చెట్లను ఎంచుకుంటుంది. అది తవ్విన సొరంగాల గుండా నీరు, శిలీంధ్రాలు గట్టి కర్రలోకి చేరతాయి. ఇనుము లాంటి సాల కర్ర మట్టిగా మారే ప్రయాణం అక్కడ మొదలవుతుంది. లార్వాలు వడ్రంగి పిట్టలకు ఆహారం. ఖాళీ అయిన సొరంగాల్లో చీమలు, చిన్న కీటకాలు చేరతాయి. పెద్ద చెట్టు పడిన చోట ఎండ తగిలి కింది సాల మొక్కలు పైకి లేస్తాయి.

పరిస్థితి మారితే అదే పురుగు విపత్తు అవుతుంది. సాల అడవుల్లో దీని విజృంభణలు 19వ శతాబ్దం చివరి నుంచే నమోదయ్యాయి. 1923 నుంచి 1928 వరకు నేటి మధ్యప్రదేశ్ ప్రాంతంలో లక్షల చెట్లు చచ్చిపోయాయి. 1990ల రెండో సగంలో అదే ప్రాంతంలో మళ్లీ లక్షల చెట్లకు పురుగు పట్టింది. దేహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సి.ఎఫ్.సి. బీసన్ 1941లో వెలువరించిన భారత అటవీ కీటకాల గ్రంథం ఈ పురుగు చదువుకు పునాదిగా నిలిచింది.

విజృంభణకు కారణాలు చాలావరకు చెట్టు వైపే ఉన్నాయి. వానాకాలంలో చెట్లు నరికి దుంగలు, మోడులు అక్కడే వదిలేస్తే వాటి నుంచి కారే రసం పురుగులను పిలుస్తుంది. ఆ దుంగల్లో గుగ్గిలం ధార ఉండదు కాబట్టి పెట్టిన గుడ్లలో ఎక్కువ భాగం బతుకుతాయి. ఒకే వయసు ముసలి చెట్లు దట్టంగా నిలిచి ఉన్న అడవి, కరవు తర్వాత వచ్చిన ఎడతెగని వాన, నీరు నిలిచే నేల కూడా పురుగుకు కలిసి వస్తాయి. బలహీనమైన చెట్లలో సంఖ్య పెరిగిన పురుగులు మరుసటి ఏడు బలమైన చెట్ల మీదా గుంపులుగా పడతాయి. ఒక చెట్టు పది లార్వాలను గుగ్గిలంలో ముంచగలదు, వందలను ముంచలేదు. ఆ హద్దు దాటిన రోజే పారిశుద్ధ్య పురుగు తెగులుగా మారుతుంది.

ఉచ్చు చెట్లు

ఈ పురుగును అదుపు చేసే పద్ధతి కూడా దాని బతుకులోంచే పుట్టింది. కొన్ని సాల చెట్లను ఎంచి నరికి, దుంగలుగా కోసి, బెరడును చితక్కొడతారు. కారుతున్న రసం వాసనకు వందల మీటర్ల దూరం నుంచి పురుగులు వస్తాయి. రసం తాగి మందకొడిగా బెరడు కింద నక్కి ఉంటాయి. అప్పుడు వాటిని ఏరి చంపుతారు. వీటిని ఉచ్చు చెట్లు అంటారు. 1990ల విజృంభణలో చుట్టుపక్కల గ్రామస్థులు పురుగులు ఏరి తెచ్చి లెక్క చూపిస్తే కూలి ఇచ్చారు. పురుగుమందు చల్లినా మాను లోపల ఉన్న లార్వాకు తగలదు. అందుకే పురుగు బయట తిరిగే ఆ కొద్ది వారాలే కీలకం.

రెండో మార్గం పురుగు పట్టిన చెట్లను నరికి అడవి బయటికి తరలించడం. ఇక్కడే పెద్ద చర్చ వచ్చింది. పురుగు పట్టిన ప్రతి చెట్టూ చావదు. కొద్ది లార్వాలే ఉన్న చెట్టు కోలుకోగలదు. ఏ చెట్టును నరకాలి, దేన్ని వదలాలి అన్నది అడవికీ, ఆ అడవి మీద ఆధారపడ్డ గోండు, బైగా కుటుంబాలకూ చిన్న ప్రశ్న కాదు. సాల ఆకు విస్తరి అవుతుంది, సాల గింజ నూనె ఇస్తుంది, గుగ్గిలం అమ్ముకోవడానికి పనికొస్తుంది. అతిగా నరికితే పురుగు చేసిన నష్టం కన్నా గొడ్డలి చేసే నష్టం ఎక్కువవుతుందన్న ఆందోళనతో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాడి తీవ్రతను బట్టి చెట్లను వర్గాలుగా విడదీసి, కోలుకునే అవకాశం ఉన్నవాటిని నిలపడం అన్న పద్ధతికి ఈ అనుభవం బలం చేకూర్చింది.

అడవి ఆరోగ్యం ఎవరిని అడగాలి?

అడవి ఎలా ఉందో తెలుసుకోవడానికి సీతాకోకచిలుకలను లెక్కపెట్టడం ఇప్పుడు మన దేశంలో చాలాచోట్ల జరుగుతోంది. ఇది మంచి పద్ధతే. పగటిపూట కనిపిస్తాయి, గుర్తుపట్టడం సులువు, ఒక్కో జాతికి ఫలానా ఆహారపు మొక్క అన్న నియమం ఉంటుంది. ఓక్‌బ్లూ కనిపించిందంటే దగ్గర్లో మద్ది జాతి చెట్టు ఉందని, దాని మీద చీమల గూళ్లు కూడా ఉండవచ్చని ఊహించవచ్చు.

కాని సీతాకోకచిలుక చెప్పేది పచ్చటి ఆకు కథ. చచ్చిన కర్ర సంగతి, ముసలి మాను సంగతి దానికి తెలియవు. అవి చెప్పేది కర్రలో బతికే పెంకు పురుగులు. ఒక అడవిలో ఎండిన కొమ్మలు, పడిన మానులు అన్నీ ఏరేసి శుభ్రం చేస్తే చూడటానికి అందంగా ఉండవచ్చు, సీతాకోకచిలుకలు కూడా ఉండవచ్చు. కర్ర తినే వందలాది రకాల పెంకు పురుగులకు, వాటి మీద బతికే పిట్టలకు మాత్రం అక్కడ చోటుండదు. అలాగే సాల్ బోరర్ సంఖ్య ఉన్నట్టుండి పెరిగితే అది అడవిలో ఎక్కువ చెట్లు ఒకేసారి నీరసించాయన్న హెచ్చరిక కూడా. పురుగును చంపి ఊరుకుంటే ఆ హెచ్చరిక వినకుండా పోతుంది.

ఒక్క చూపులో

ఆహారం: ఓక్‌బ్లూ లార్వాకు పచ్చటి ఆకు. సాల్ బోరర్ లార్వాకు బెరడు కింది కణజాలం, కర్ర.

రక్షణ: ఓక్‌బ్లూకు చీమల కాపలా. సాల్ బోరర్‌కు మాను గోడలు.

చెట్టు ఎదురుదాడి: సాల్ బోరర్‌ను అదుపులో ఉంచేది గుగ్గిలం. చెట్టు బలం తగ్గితే ఆ అదుపు పోతుంది.

తరాలు: ఓక్‌బ్లూకు ఏడాదిలో పలుమార్లు. సాల్ బోరర్‌కు ఒక్కసారి, తొలి వానలతో.

రెక్కలు: ఓక్‌బ్లూకు పొలుసుల రెక్కలు, నిర్మాణం వల్ల పుట్టే నీలం. సాల్ బోరర్‌కు గట్టి డొప్పలు, వాటి కింద మడిచిన రెక్కలు.

చెప్పే కబురు: ఓక్‌బ్లూ బతికున్న ఆకుల గురించి, సాల్ బోరర్ చావుకు దగ్గరైన మానుల గురించి.

ఇంటి దగ్గర చూడాలంటే

సాల అడవులు హిమాలయాల పాదాల నుంచి మధ్య, తూర్పు భారతం మీదుగా దిగి ఉత్తరాంధ్ర మన్యంలో వాటి దక్షిణపు కొసకు చేరతాయి. అందరికీ అక్కడికి వెళ్లే వీలు ఉండకపోవచ్చు. ఈ పాఠంలో సగం మాత్రం ఊళ్లోనే చూడవచ్చు. బడి ఆవరణలోనో వీధి చివరో నాటు బాదం చెట్టు ఉంటే, ఎర్రచీమలు ఒక ఆకు దగ్గర గుమిగూడి కదలకుండా ఉన్నాయేమో గమనించాలి. చెట్టును కదపకుండా, కాస్త దూరం నుంచే చూస్తే చాలు. చీమల మధ్య చదునుగా ఉన్న గొంగళి పురుగు కనిపిస్తే అది నీలి సీతాకోకచిలుకల కుటుంబానిదే అయ్యే అవకాశం ఉంది.

మిగతా సగం చూడటానికి ఎండిన దుంగ ఒకటి చాలు. పెరట్లోనో పొలం గట్టునో పడి ఉన్న పాత మానుకు గుండ్రటి రంధ్రాలు, కింద సన్నటి పొట్టు కనిపిస్తే లోపల ఏదో ఒక పెంకు పురుగు లార్వా పని చేస్తోందని అర్థం. సాల్ బోరర్ కాకపోయినా అదే వంశపు పనివాడు. ఆ దుంగను వెంటనే పొయ్యిలోకి పంపకుండా ఒక మూల ఉంచితే, తొలకరి పడిన తర్వాత పొడవాటి మీసాల అతిథి బయటికి రావచ్చు.